ఇంపాక్టు రెంచి: పనితీరు, ఉపయోగములు, జాగ్రత్తలు

దమ్ము ముగిసిన పిమ్మట ట్రాక్టరు కేజి చక్రములను విప్పి రబ్బరు చక్రములను బిగించుటలోని ప్రయాస కర్షక సోదరులందఱకు దెలిసినదే. బురదలోను నీటిలోను నానిన నట్లు త్రుప్పు పట్టి బోల్టులను విడువవు. పానాకు గొట్టము తొడిగి, ఇద్దఱు మనుష్యులెక్కి త్రొక్కినను కొన్ని కదలవు. ఇట్టి నట్లను పెక్కింటిని కొలది సెకండ్లలో విప్పగల పనిముట్టు ఇంపాక్టు రెంచి. పంక్చరు దుకాణములలో దీనిని గన్ను అందురు.

గుంజను పాతునపుడు దానిపై నెంత బరువు మోపినను దిగదు. సమ్మెటతో నాలుగు దెబ్బలు వేసిన దిగును. ఈ పనిముట్టులోని కిటుకు నిదియే. పానా నట్టును నెమ్మదిగా లాగును. గన్ను దానిని త్రిప్పుడు దెబ్బలతో కొట్టును.

బ్యాటరీతో నడుచు రకములో మోటారు, దానిచే తిరుగు బరువైన ఉక్కు సమ్మెట, సమ్మెటకు ముందు దాగలి యుండును. నట్టుకు తొడుగు సాకెట్టు దాగలి కొనకే తగిలింపబడును. నట్టు సులువుగా తిరుగునంతవఱకు సమ్మెటయు దాగలియు కలిసి తిరుగును. నట్టు ఎదిరించగానే దాగలి యాగును. అప్పుడు సమ్మెట స్ప్రింగును నొక్కుచు వెనుకకు జరిగి, దాగలి చెవులను దాటి, స్ప్రింగు త్రోపుతో ముందునకు దూకి, వేగముగా తిరిగి ఆ చెవులను కొట్టును. ఇట్టి దెబ్బలు నిమిషమునకు రెండు మూడు వేలు పడును. ఒక్కొక్క దెబ్బ రెప్పపాటులో ముగియుటచే ఎదురుత్రోపు చేతికి స్వల్పముగనే తెలియును. ఆ యదరుపాటునకు త్రుప్పు పట్టు సడలును.

గాలితో నడుచు గన్నులకు సామాన్యముగా చదరపు అంగుళమునకు 90 పౌనుల ఒత్తిడిగల గాలి కావలయును. కంప్రెసరు చిన్నదైన దెబ్బ బలము తగ్గును. 18 వోల్టుల బ్యాటరీ గన్నును పొలమునకే కొనిపోవచ్చును. చిన్న పనులకు అర అంగుళపు కొన చాలును. ట్రాక్టరు వెనుక చక్రములకును లారీలకును ముప్పావు అంగుళము లేక అంగుళపు కొన మేలు. రోటవేటరు కత్తులు మార్చుటకు గన్ను మిక్కిలి యుపకరించును. 42 కత్తులకు, కత్తికి రెండేసి చొప్పున, 84 బోల్టులు విప్పవలసియుండును గదా!

అయితే గ్రామములలో తిరుగునపుడు మేము చూచుచున్న లోపమొకటి కలదు. విప్పిన గన్నుతోనే చక్రపు నట్లను కడవఱకు బిగించి విడుచుచున్నారు. ఒక మీటరు పానా చివర 10 కిలోల బరువు వ్రేలాడదీసిన, నట్టుపై సుమారు 98 న్యూటను-మీటర్ల త్రిప్పుడు బలము పడును. ఏ నట్టుకెంత బలము వలయునో ట్రాక్టరుతో వచ్చిన పుస్తకములో నుండును. సామాన్యపు గన్నుకు ఈ లెక్క తెలియదు. మీట నెంతసేపు నొక్కితిమి, గాలి యెంత కలదు, మరలకు త్రుప్పున్నదా, నూనె యున్నదా యనుదానిని బట్టి బిగువు మాఱుచుండును. అతిగా బిగించిన బోల్టు సాగును, మరలు చెడును, ఒక్కొకప్పుడు బోల్టు తెగును. చాలకున్న నట్టు వదులగును. వడ్లబస్తాలతో కాలువగట్టుపై పోవు ట్రాలీ చక్రము ఊడినచో పోవునది పంట మాత్రమే కాదు, ప్రాణము గూడ.

కావున మరలను శుభ్రపఱచి, నట్టును మొదట చేతితో నాలుగు చుట్లు ఎక్కింపుడు. గన్నుతో తేలికగా అంటించి యాపుడు. తుది బిగింపును టార్కు రెంచితో, ఎదురెదురు నట్ల వరుసలో చేయుడు. కొన్ని గంటల పని తరువాత మరల పరీక్షింపుడు.

గన్నుకు దానికై చేసిన నల్లని మందపు సాకెట్లనే వాడవలయును. చేతిపానాల మెఱుగు సాకెట్లు పగిలి ముక్కలు కంటిలో పడవచ్చును, కండ్లద్దములు తప్పనిసరి. చెవులకును రక్షణ యుండవలెను. గాలి గన్నులో ప్రతిదినము కొన్ని చుక్కల నూనె వేసి, కంప్రెసరు తొట్టిలోని నీటిని తీసివేయుడు. పది సెకండ్లు కొట్టినను నట్టు కదలకున్న ఆపి, త్రుప్పు వదలించు నూనె పోసి కొంతసేపాగి మరల ప్రయత్నింపుడు.

ఒక్కొక్కరు వేఱుగా కొననక్కఱలేదు. సంఘమున కొక గన్ను చాలును. కాని గన్ను కొను దినముననే టార్కు రెంచిని గూడ కొనుడు.