సౌర ఉష్ణ విద్యుత్ కేంద్రాలకు పెట్టుబడి

సూర్యకిరణాలను అద్దాలతో ఒకచోట కేంద్రీకరించి, ఆ వేడితో నీటిని ఆవిరిగా మార్చి, టర్బైనును త్రిప్పి పుట్టించే విద్యుత్తును సౌర ఉష్ణ విద్యుత్తు అంటారు. ఇళ్ళ పైకప్పులపై కనిపించే సౌర ఫలకాలు కాంతిని నేరుగా విద్యుత్తుగా మారుస్తాయి కనుక అవి వేరు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పద్ధతికి ప్రధాన ఉదాహరణ అనంతపురం జిల్లాలో హైదరాబాదుకు చెందిన మేఘా ఇంజనీరింగ్ సంస్థ నిర్మించిన 50 మెగావాట్ల కేంద్రం. ఇది 2014 నవంబరులో ఉత్పత్తి ప్రారంభించింది. ఇటువంటి కేంద్రాల చరిత్రలో ఇంజనీరింగు కంటే అప్పు, వడ్డీల పాత్రే పెద్దది.

పనిచేసే విధానం

అనంతపురం కేంద్రంలో పరావలయ ఆకారపు అద్దాలు వరుసలుగా అమర్చి ఉంటాయి. వాటి నాభి వెంబడి సాగే గొట్టాలలో ప్రవహించే ప్రత్యేకమైన నూనె సుమారు 390 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కుతుంది. ఆ తరువాతి భాగమంతా బొగ్గు కేంద్రంలో ఉండేదే. వేడిని కరిగిన లవణాలలో నిల్వ చేసి రాత్రి వాడుకొనే వీలు ఈ పద్ధతికి ఉన్నది, కాని అనంతపురంలో ఆ ఏర్పాటు చేయలేదు.

వడ్డీ ప్రాముఖ్యం

బొగ్గు కేంద్రం తన ఇంధనాన్ని ఏటేటా కొనుక్కుంటుంది. సౌర కేంద్రానికి ఇంధనం ఉచితం. అయితే ఆ ఇంధనాన్ని పట్టే అద్దాలకు పాతికేళ్ళ ఖర్చూ మొదటి రోజే పెట్టవలసి ఉంటుంది. ఫిలింనగర్‌లోని నిర్మాతల పరిస్థితి దీనికి దగ్గరగా ఉంటుంది. చిత్రం విడుదలయ్యేవరకు రాబడి ఉండదు, ఫైనాన్షియరు వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. తేడా ఏమిటంటే, సినిమా ఎంత ఆడినా ఆడవచ్చు. విద్యుత్ కేంద్రం రాబడికి మాత్రం ఒప్పందపు ధర గరిష్ఠ పరిమితి.

అనంతపురం కేంద్రానికి సుమారు 850 కోట్ల రూపాయల వ్యయం, ఏడాదికి 11 కోట్ల యూనిట్ల ఉత్పత్తి అంచనా వేశారు. యూనిటుకు 11.31 రూపాయల చొప్పున అంచనా రాబడి 124 కోట్లు. ఇటువంటి కేంద్రాలకు లెక్కలలో సాధారణంగా తీసుకొనే 70:30 నిష్పత్తి ప్రకారం అప్పు దాదాపు 595 కోట్లు అనుకుందాం. 12 శాతం వడ్డీతో 12 ఏళ్ళలో తీర్చాలంటే ఏటా 96 కోట్లు కట్టాలి. అదే అప్పు 4 శాతం వడ్డీకి 25 ఏళ్ళ గడువుతో దొరికితే 38 కోట్లు చాలు. అద్దాలూ ఎండా మారలేదు. మారినది అప్పు షరతులే. మొదటి సందర్భంలో ఎండ పది శాతం తగ్గినా వాటాదారులకు మిగిలేది చాలా స్వల్పం. భారతదేశంలోని అప్పు షరతుల వల్ల పునరుత్పాదక విద్యుత్తు ధర అమెరికా, ఐరోపాలతో పోలిస్తే 24 నుండి 32 శాతం పెరుగుతున్నదని హైదరాబాదులోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్, క్లైమేట్ పాలసీ ఇనిషియేటివ్ 2012లో కలిసి వెలువరించిన అధ్యయనం పేర్కొన్నది.

2010 నాటి వేలం

జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సౌర మిషన్ మొదటి దశలో 2010లో ఏడు సంస్థలకు 470 మెగావాట్ల సౌర ఉష్ణ కేంద్రాలు కేటాయించారు. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయించిన ధర యూనిటుకు 15.31 రూపాయలు కాగా, పోటీలో అది 10.49 నుండి 12.24 రూపాయలకు దిగింది. ఈ విద్యుత్తును ఎన్‌టీపీసీ అనుబంధ సంస్థ 25 ఏళ్ళపాటు కొని, చౌకైన బొగ్గు విద్యుత్తుతో కలిపి రాష్ట్రాలకు అమ్మాలన్నది ఏర్పాటు. పంపిణీ సంస్థలు సకాలంలో డబ్బు చెల్లిస్తాయో లేదో అన్న బ్యాంకుల భయాన్ని ఇది కొంత తగ్గించింది. మంచి ఆలోచనే.

చిక్కులు వేరే దిక్కు నుండి వచ్చాయి. ఈ పద్ధతికి అద్దంపై నేరుగా పడే కిరణాలే పనికివస్తాయి. దుమ్ము, పలుచని మబ్బు కూడా నష్టమే. వేలం నాటికి నేలపై కొలిచిన వివరాలు తక్కువ కావడంతో ఉపగ్రహ అంచనాలపై ఆధారపడ్డారు. ప్రభుత్వ కొలమాన కేంద్రాలు 2011లో గాని మొదలుకాలేదు. దిగుమతి సామగ్రికి చెల్లించవలసిన డాలరు 2010 చివర 45 రూపాయల ప్రాంతంలో ఉండి, 2013 ఆగస్టులో 65 దాటింది. రాజస్థాన్‌లోని గోదావరి గ్రీన్ సంస్థ కేంద్రం గడువుకు దాదాపు దగ్గరగా వచ్చినా (2013 జూన్), మిగిలినవి వెనుకబడ్డాయి. ఏడింటిలో పూర్తయినవి మూడే. అతి తక్కువ ధర కోట్ చేసిన లాంకో కేంద్రం వాటిలో లేదు. ఆ సంస్థ లిక్విడేషన్‌కు 2018లో హైదరాబాదు ట్రిబ్యునల్ ఆదేశించింది, అయితే దాని అప్పులకు సౌర కేంద్రమొక్కటే కారణం కాదు.

మొరాకో పద్ధతి

మొరాకోలోని వర్జాజాట్ వద్ద 2016లో 160 మెగావాట్ల నూర్-1 ప్రారంభమైంది. అక్కడ ప్రభుత్వ సంస్థ మాసెన్ ప్రపంచ బ్యాంకు, ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు, ఐరోపా సంస్థల నుండి తక్కువ వడ్డీకి అప్పు తెచ్చి నిర్మాణ సంస్థకు అందించింది. విద్యుత్తును కూడా తానే కొన్నది. మూడు గంటల నిల్వ సౌకర్యమూ ఉన్నది. భారతదేశం ధరను పోటీకి వదిలితే, మొరాకో వడ్డీని తగ్గించింది. రెండవదే వివేకవంతమైన మార్గమని చెప్పవచ్చు, కాని ఆ భారం కొంత అక్కడి ఖజానాపై పడింది.

తరువాతి పరిణామాలు

ఈలోగా సౌర ఫలకాల ధర పడిపోయింది. 2017 ఏప్రిల్‌లో కడప సౌర పార్కు వేలంలో యూనిటు 3.15 రూపాయలకు దిగడంతో బ్యాంకులకు సౌర ఉష్ణ కేంద్రాలపై ఆసక్తి సన్నగిల్లింది. ఫలకాలు సాయంత్రం పనిచేయవు. దీపాలు, ఏసీలు వెలిగే వేళ అదే. ఆ లోటు తీర్చడానికి రాష్ట్రం లవణ నిల్వను కాక నీటి నిల్వను ఎంచుకున్నది. కర్నూలు ప్రాంతంలోని పిన్నాపురం వద్ద పంప్డ్ స్టోరేజి పథకానికి 2022 మేలో శంకుస్థాపన జరిగింది.