రెక్కలు సిద్ధం.. కాగితాలే ఆలస్యం

ముంబయి శివారు కాందివలీలో అయిదంతస్తుల భవనం అది. లిఫ్టు లేదు. లేతు మిషను, కంప్రెసరు, వెల్డింగు సామగ్రి, విదేశం నుంచి తెప్పించిన 180 కిలోల ఇంజను ఒకటొకటిగా ఆ భవనం డాబా మీదికి చేరాయి. ఇతరుల ఇళ్లలో వడియాలు ఎండబెట్టుకునే చోట, ఆ ఇంట్లో ఆరుగురు కూర్చోగల విమానం రూపుదిద్దుకుంది. దానిని తయారుచేసిన కెప్టెన్ అమోల్ యాదవ్ జెట్ ఎయిర్‌వేస్‌లో పైలట్‌గా పనిచేశారు. 2016 ఫిబ్రవరిలో ముంబయిలో జరిగిన ‘మేకిన్ ఇండియా’ వారోత్సవానికి ఆ విమానాన్ని విడదీసి, క్రేను సాయంతో కిందికి దించి, తరలించి, మళ్లీ బిగించారు. దానిని చూసేందుకు జనం గుమిగూడారు. అయితే అప్పటికి అది నేల మీద నిలబడిన విమానమే. గాలిలోకి లేవడానికి మరో నాలుగేళ్లకు పైగా పట్టింది.

ఇంట్లో విమానం కట్టడం పాశ్చాత్య దేశాల్లో కొత్త విషయమేమీ కాదు. అమెరికాలో పాల్ పోబెరెజ్నీ 1953లో స్థాపించిన ప్రయోగాత్మక విమానాల సంఘం ఏటా ఓష్‌కోష్ పట్టణంలో జరిపే ఉత్సవానికి వేల సంఖ్యలో విమానాలు వచ్చి వాలతాయి. వాటిలో కారు షెడ్లలో, పశువుల కొట్టాల్లో పుట్టినవీ ఉంటాయి. అక్కడి చట్టం సూటిగా ఉంటుంది. విమానం పనిలో సగానికి మించిన భాగాన్ని, విద్య కోసమో వినోదం కోసమో, ఔత్సాహికులే చేసి ఉండాలి. దీనినే ‘51 శాతం నిబంధన’ అని వ్యవహరిస్తారు. కాక్‌పిట్ దగ్గర ‘ప్రయోగాత్మకం’ అన్న మాట కనబడేలా రాయాలి. ఇది ఔత్సాహికులు కట్టిన విమానమని, సాధారణ విమానాలకు వర్తించే భద్రతా నిబంధనలకు లోబడినది కాదని ప్రయాణికులను హెచ్చరించే పలక ఉండాలి. కిరాయికి జనాన్ని ఎక్కించుకోరాదు.

యాదవ్ విమానం ఆయన సొంత నమూనా. ఎక్కువ మంది మాత్రం అంత సాహసానికి పోకుండా కిట్ కొనుక్కుంటారు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ 1973లో ప్రారంభించిన వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ ఈ వ్యాపారంలో అగ్రగామి. దాని నమూనాలలో ఇప్పటికి పదకొండు వేలకు పైగా విమానాలు గాలిలోకి లేచాయి.

పెట్టెల్లో వచ్చే విమానం

కిట్ ఒకేసారి రాదు. మొదట తోక భాగం వస్తుంది. చేయి తిరగడానికి అదే బడి. అది పూర్తయ్యాక రెక్కలు, ఆ తర్వాత విమాన దేహం. ఇంజను, ప్రొపెల్లరు, రేడియో, మీటర్లు విడిగా కొనుక్కోవాలి. అసలు ఖర్చు అక్కడే. అల్యూమినియం రేకులకు రంధ్రాలు పడి ఉంటాయి. ఒక్కొక్క రంధ్రం అంచును నునుపు చేయాలి. లేకుంటే ఆ గరుకు దగ్గరే కొన్నేళ్లకు పగులు మొదలవుతుంది. రేకుకూ రేకుకూ మధ్య తుప్పు పట్టకుండా ప్రైమరు పూయాలి. తర్వాత రివెట్లు. రెండు సీట్ల విమానానికే అవి వేలల్లో ఉంటాయి. చాలాచోట్ల రివెట్ కొట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒకరు వెలుపలి నుంచి గన్‌తో కొడుతుంటే, మరొకరు లోపలి నుంచి ఇనుప దిమ్మె ఆనించి పట్టుకోవాలి. ఆ రెండో మనిషి సాధారణంగా భార్యో, బిడ్డో అవుతారు. రాత్రివేళ ఆ చప్పుడు భరించవలసింది పొరుగువారు. ఈ పని వారాంతాల్లో సాగితే ఏళ్లు పడుతుంది. మధ్యలో వదిలేసి, సగం కట్టిన విమానాన్ని అమ్మకానికి పెట్టేవారూ తక్కువేమీ కాదు.

ఈ వ్యాపారంలోని నష్టభయం కొనుగోలుదారు పైనా పడుతుంది. వాన్స్ సంస్థ ఆర్థిక ఇబ్బందుల్లో చిక్కి 2023 డిసెంబరులో దివాలా చట్టం కింద రక్షణ కోరింది. అంతకుముందు లేజరుతో కోసిన రంధ్రాల వద్ద పగుళ్లు బయటపడి, వేలాది భాగాలను మళ్లీ తయారుచేసి పంపవలసి వచ్చింది. ఆర్డరు ఇచ్చి ఎదురుచూస్తున్న వారికి పెరిగిన ధర ఒప్పుకోవడమో, తప్పుకోవడమో మాత్రమే మిగిలింది. సంస్థ 2024లో ఆ గండం నుంచి బయటపడింది.

రంగుకూ బరువుంది

రంగు వేయడం అలంకారమని అనుకుంటే పొరపాటు. రెండు సీట్ల విమానం మీద రంగు బరువే పది కిలోలు దాటవచ్చు. విమానం గరిమనాభి, అంటే బరువు తూగే బిందువు, దానితో కాస్త జరుగుతుంది. అందువల్ల రంగు ఆరాక విమానాన్ని మళ్లీ తూచాలి. తోకలోని ఎలివేటర్ల వంటి కదిలే భాగాల వెనుక అంచు బరువెక్కితే, అధిక వేగంలో అవి జెండాలా అదిరి విరిగిపోయే ప్రమాదం ఉంది. వాటి తూకాన్ని రంగు పడిన తర్వాతే సరిచూడాలి. ఫైబరు, రెజిన్లతో కట్టిన విమానాలకు చాలా వరకు తెలుపే వేయడానికీ కారణముంది. ముదురు రంగు ఎండకు వేడెక్కితే రెజిన్ బలం తగ్గుతుంది. వాడే పాలీయురేథేన్ రంగులు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. బయటి గాలి అందే ముసుగు లేకుండా స్ప్రే గన్ పట్టరాదు. ఇంటి షెడ్డులో ప్లాస్టిక్ తెరలు కట్టి, నేల తడిపి, దుమ్ము అణిచి పని మొదలుపెట్టినా తడి రంగు మీద ఒక పురుగు వాలిందంటే గీకి మళ్లీ వేయవలసిందే. చాలామంది రంగు వేయకుండానే తొలి పరీక్షలు కానిస్తారు. రేకు కనబడుతుంటే లోపం తొందరగా దొరుకుతుంది.

అన్నిటికన్నా చివర పడేవి రిజిస్ట్రేషన్ అక్షరాలు. కేరళకు చెందిన ఒక ఇంజనీరు కరోనా లాక్‌డౌన్ కాలంలో దక్షిణాఫ్రికా నుంచి నాలుగు సీట్ల ‘స్లింగ్’ కిట్ తెప్పించుకుని బ్రిటన్‌లోని తన ఇంటి తోటలో బిగించారు. 2022లో కుటుంబంతో ఐరోపా తిరిగి వచ్చిన ఆ విమానం మీద బ్రిటన్‌ను సూచించే ‘జి’ తర్వాత చిన్న కుమార్తె పేరే ఉంది. పని మొదలైన రెండేళ్లకు అటూ ఇటూగా విమానం ఎగిరింది.

కాందివలీ విమానానికి అక్షరాలు అంత తేలికగా దొరకలేదు. రిజిస్ట్రేషన్ కోసం యాదవ్ 2011లోనే పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్‌కు దరఖాస్తు చేశారు. అది తేలకముందే నిబంధనలు మారి, వ్యక్తులు విమానం కట్టుకునే దారి మూసుకుపోయిందన్నది ఆయన ఫిర్యాదు. ఖర్చు అప్పటికే కోట్ల రూపాయల్లోకి వెళ్లింది. అది చాలా వరకు కుటుంబం సమకూర్చిన సొమ్మే. ప్రదర్శన తర్వాత మహారాష్ట్ర ముఖ్యమంత్రి దేవేంద్ర ఫడ్నవీస్ జోక్యం చేసుకున్నారు. విషయం ప్రధాని కార్యాలయం దాకా వెళ్లింది. 2017 నవంబరులో రిజిస్ట్రేషన్ లభించింది. అక్షరాలు ‘విటి-ఎన్‌ఎండి’. నరేంద్ర మోడీ, దేవేంద్రల పేర్లు వాటిలో ఇమిడి ఉన్నాయి. ఒక ఔత్సాహికుని దరఖాస్తు కదలడానికి ఎంత ఎత్తు నుంచి మాట రావలసి వచ్చిందో ఆ అక్షరాలే చెబుతున్నాయి. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన ఎగరడానికి వీల్లేదు. ఆ అనుమతికి 2019 అక్టోబరు దాకా ఆగవలసి వచ్చింది.

అధికారుల జాగ్రత్తను పూర్తిగా తోసిపుచ్చడానికీ వీల్లేదు. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2012లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, 2011 ఒక్క ఏడాదిలోనే ఇళ్లలో కట్టిన విమానాలకు 224 ప్రమాదాలు జరిగాయి. వాటిలో 54 ప్రాణాంతకమైనవి. సగానికి పైగా ప్రమాదాలు కట్టినవారి నుంచి ఇతరులు కొనుక్కున్న విమానాలకు జరిగాయి. అమెరికన్ గాయకుడు జాన్ డెన్వర్ 1997 అక్టోబరులో అలాంటి విమానంలోనే మరణించారు. ఇంధన ట్యాంకు మార్చే పిడిని కట్టినవారు పైలట్ ఎడమ భుజం వెనుక అమర్చారు. దానిని అందుకోబోయి ఆయన అదుపు కోల్పోయారని దర్యాప్తులో తేలింది. కట్టిన వానికి గుర్తుండే వింత అమరిక కొన్నవాని ప్రాణం తీసింది. అయితే ఆ దేశం ఇందుకని దారి మూయలేదు. తనిఖీలు, జనావాసాలకు దూరంగా సాధారణంగా 25 నుంచి 40 గంటల పరీక్షలు అని హద్దులు గీసింది. మన దరఖాస్తుదారుకు ఆ హద్దులు ఎక్కడున్నాయో తెలియడానికే ఏళ్లు పట్టాయి.

పరిశ్రమ సంగతి వేరు. 19 సీట్ల విమానాల తయారీకి యాదవ్ సంస్థతో మహారాష్ట్ర ప్రభుత్వం 2018 ఫిబ్రవరిలో 35 వేల కోట్ల రూపాయల అవగాహన ఒప్పందం కుదుర్చుకుంది. డాబా మీది విమానానికీ, టికెట్ కొన్న ప్రయాణికుణ్ణి ఎక్కించుకునే విమానానికీ మధ్య పూర్తి స్థాయి ధ్రువీకరణ అనే పెద్ద కొండ ఉంది. బెంగళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాల రూపొందించిన రెండు సీట్ల ‘హంస’ 1993లో తొలిసారి ఎగిరితే, ధ్రువీకరణ 2000లో వచ్చింది. ప్రభుత్వ సంస్థకు పట్టిన కాలమది.

కిట్ విమానాల విద్య మన దేశానికి తెలియనిదీ కాదు. బెంగళూరుకు చెందిన రాజహంస అల్ట్రాలైట్స్ తయారుచేసిన ‘ఎక్స్-ఎయిర్’ కిట్లు విదేశాలకు ఎగుమతి అయ్యాయి. బ్రిటన్‌లో ఔత్సాహికులు వాటిని ఇళ్లలో బిగించుకుని అక్కడి పొలాల మీదుగా ఎగిరారు. ఇక్కడ 1934 నాటి విమాన చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియం 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది.

కాందివలీ విమానం 2020 ఆగస్టులో మహారాష్ట్రలోని ధూలే ఎయిర్‌స్ట్రిప్ నుంచి గాలిలోకి లేచింది. నడిపింది యాదవే. దరఖాస్తు పెట్టి అప్పటికి తొమ్మిదేళ్లు.