శిఖరనామములు - ఛాయాచిత్ర సాక్ష్యము

ఊరికి పేరు ఊరివారు పెట్టుదురు. కొండకు పేరు పెట్టువారెవరను ప్రశ్నకు అంత సులభముగా సమాధానము లభింపదు. ఒక దిక్కున నున్నవారికి ప్రస్ఫుటముగా గోచరించు శిఖరము మఱియొక దిక్కువారికి మఱుగుపడి యుండును; మూడవ దిక్కువారికి రూపమే మాఱి కనబడును. హిమాలయ, కారకోరం శ్రేణులలోని కొన్ని పేర్ల చరిత్రను, ఆ శిఖరముల తొలినాటి ఛాయాచిత్రములతో చేర్చి చూచినచో, చూపరి నిలిచిన తావు పేరునందును చిత్రమునందును గూడ దాగియున్నదని మాకు తోచినది.

ఎవరెస్టు సంగతి మొదట చూతము. భారత మహా త్రికోణమితి సర్వేవారికి నేపాళ ప్రవేశము లేనందున దూరపు మైదానములనుండియే శిఖరములను కొలిచి, వానికి అంకెలు వేసిరి. రాధానాథ్ సిక్‌దార్ ముఖ్యగణకుడుగా నున్న కాలములో తేలిన లెక్కలనుబట్టి 15వ శిఖరము ఎత్తు 29,002 అడుగులని 1856లో ఆండ్రూ వా ప్రకటించి, దానికి తన పూర్వాధికారి జార్జి ఎవరెస్టు పేరు సూచించెను. స్థానికనామము దొరకలేదన్నది ఆయన చూపిన కారణము. కాని ఉత్తరమున టిబెట్టువారికి అది చోమోలుంగ్మా. 18వ శతాబ్ది పూర్వార్ధమునందే ఫ్రెంచి భూగోళవేత్త దాన్విల్ పటములో ఆ పేరు ఒక రూపమున చేరియున్నది. దక్షిణమున నిలిచి దుర్భిణితో చూచినవారికి ఉత్తరమువారి మాట వినబడకపోవుటలో వింతలేదు.

ఈ పేరునకు ఎవరెస్టే 1857లో అభ్యంతరము తెలిపెను. దానిని హిందీ, పారసీ లిపులలో వ్రాయుట కుదురదనియు, దేశీయులు పలుకలేరనియు ఆయన వాదము. అయినను 1865లో రాయల్ జాగ్రఫికల్ సొసైటీ ఆ పేరునే స్థిరపఱచినది. ఆయన 1818లో హైదరాబాదు చేరి లాంబ్టనునకు సహాయకుడై, కృష్ణా గోదావరుల నడిమి అడవులలో సర్వే చేయుచు తీవ్రజ్వరము పాలైనవాడు. ఆ ప్రాంతపు భాషలో నేడాయన పేరు చక్కగా అజంతమై ఇమిడిపోయినది. ఎటుతిరిగి ఆయన కుటుంబమువారి ఉచ్చారణయగు 'ఈవ్‌రెస్ట్' మాత్రమే లోకమున నిలువలేదు!

దూరదృష్టి కలిగించిన భ్రమకు గౌరీశంకరము మఱియొక నిదర్శనము. 1855లో జర్మను పరిశోధకుడు హెర్మాన్ ష్లాగింట్‌వైట్ కాఠ్మాండూ సమీపమందలి కౌలియా కొండనుండి ఒక ఉన్నతశిఖరమును చూచి, అదియే 15వ శిఖరమనియు, దాని పేరు గౌరీశంకరమనియు నిర్ణయించెను. పేరు నిజమైనదే; అది చేరిన కొండ వేఱు. అనేక ఐరోపా పటములు ఈ పొరపాటును దశాబ్దములపాటు మోసినవి. 1903లో కాప్టెన్ హెన్రీ వుడ్ అదే కౌలియాకు పోయి కొలిచి, గౌరీశంకరము ఎవరెస్టునకు పడమరగా సుమారు 36 మైళ్ల దూరమున నున్న వేఱొక శిఖరమని తేల్చెను.

ఇట్టి సందేహములను తీర్చుటకు ఛాయాచిత్రము గొప్ప సాధనమైనది. 1921 నాటి ఎవరెస్టు అన్వేషణలో కెనడా దేశీయుడగు వీలర్ ఛాయాచిత్రములతోడనే సర్వే సాగించెను. రెండు తావులనుండి తీసిన గాజుపలకలపై ఒకే శిఖరమును గుర్తించినచో, కోణములనుబట్టి దాని స్థానము లెక్కకట్టవచ్చును. (అదే యాత్రలో మాలరీ గాజుపలకలను వెనుక ముందులుగా అమర్చి, కొన్ని చిత్రములను మరల తీయవలసివచ్చినది.) 'ల్హోత్సే' యను పేరును ఆ బృందము పెట్టినదే. అది టిబెట్టు మాటయే; 'దక్షిణశిఖరము' అని అర్థము. ఎవరెస్టును నడుమ నుంచుకొని దిక్కు లెంచు పటకర్తకు తోచు పేరది. పదము దేశీయమైనంతమాత్రమున నామకరణము దేశీయము కానక్కరలేదని నామపరిశోధకులు గమనింపవలెను.

అయితే చిత్రమును గూడ గుడ్డిగా నమ్మరాదు. ఇటలీవాడగు విత్తోరియో సెల్లా 1899లో కాంచనగంగను చుట్టివచ్చి, 1909లో అబ్రుజ్జీ ప్రభువు వెంట కారకోరమునకు పోయి, బరువైన గాజుపలకలపై తీసిన చిత్రములకు సాటివచ్చునవి అరుదు. వానిలో ముజ్తాగ్ టవర్ చిత్రము ప్రసిద్ధము. బల్తోరో హిమానీనదపు ఎగువభాగమునుండి చూచునపుడు దాని రెండు కొనలు ఒకదాని వెనుక నొకటి ఒదిగి, నిట్టనిలువు స్తంభమువలె నగుపడును. 'టవర్' అను పేరు, ఆ చిత్రము కలిసి దానికి అసాధ్యమను కీర్తిని తెచ్చినవి. 1956లో ఒక బ్రిటిషు బృందము, కొలదిదినములకే ఒక ఫ్రెంచి బృందము వేర్వేఱు గట్లమీదుగా ఎక్కి, ఆ కొండ ఆ చిత్రము చూపినంత దుర్గమము కాదని నిరూపించిరి.

ఆ ప్రాంతమునందే పేరులేని పేరు గల శిఖరమొకటి కలదు. 1856లో మాంట్‌గోమరీ కాశ్మీరమందలి హరముఖమునుండి, సుమారు 130 మైళ్ల దూరమున, రెండు శిఖరములను చూచి 'కే 1', 'కే 2' అని గుర్తువేసెను. 'కే' అనగా కారకోరము. మొదటిదానికి మాషర్‌బ్రుమ్ అను స్థానికనామము దొరకినది. రెండవది సమీపగ్రామమగు అస్కోలేనుండి సైతము కనబడదు. కావున వాడుకలో గట్టిపేరు లేదు. 'గాడ్విన్ ఆస్టెన్' అను పేరు సూచింపబడినను సొసైటీ అంగీకరింపలేదు. 'పెద్దకొండ' అను అర్థము గల 'ఛోగోరి' సయితము బాటసారుల ప్రశ్నకు చెప్పిన జవాబువలె నున్నదేగాని, వ్యవహారమున నాటుకొన్నట్లు మాకు తోచదు. బల్తీవారు సర్వేగుర్తునే మాటగా చేసికొని 'కేటూ' అనుచున్నారు. తెలుగు చెవికది కేతుగ్రహమువలె వినబడును.