కోడ్ సరే... మీ సంగతి చెప్పండి!

ఇల్లు, ఇష్టాలు, అభిప్రాయాలు... రెజ్యూమె చివర రెండు లైన్లలో సరిపెట్టేసే ఈ మూడూ ప్రోగ్రామర్‌కు ఎందుకు ముఖ్యం? వాటి గురించి ఎలా ఆలోచించాలి? ఎక్కడ ఎంత మాట్లాడాలి?

జల్‌పల్లి నుంచి పొద్దున్నే బస్సెక్కి ఇబ్రహీంపట్నం వైపు కాలేజీకి వెళ్లే ఇంజినీరింగ్ విద్యార్థి మీరైతే, ఈపాటికి మీ రెజ్యూమె తయారైపోయి ఉంటుంది. పైన జావా, పైథాన్, ఎస్‌క్యూఎల్. మధ్యలో మినీ ప్రాజెక్టు. కింద 'హాబీలు: పాటలు వినడం, సినిమాలు చూడటం'. ఒకసారి పక్క సీట్లో కూర్చున్న మిత్రుడి రెజ్యూమె తీసి చూడండి. పేరు, ఫోన్ నంబరు తప్ప పెద్ద తేడా కనిపించదు. ఏఐ టూల్స్‌తో రాయించుకుంటే వాక్యాలు కూడా ఒకేలా వచ్చేస్తున్నాయి.

కోడింగ్ రౌండ్ దాటాక ఇంటర్వ్యూలో వచ్చే ప్రశ్న కూడా అందరికీ ఒకటే: 'మీ గురించి చెప్పండి'. ఇక్కడే చాలామంది తడబడతారు. 'నాన్న ఆటో నడుపుతారు, అమ్మ గృహిణి' అని ఒక్క ముక్కలో ముగించేస్తారు. మా ఇంట్లో చెప్పుకోవడానికి ఏముంటుందిలే అనే సంకోచం. ఉంటుంది, చాలా ఉంటుంది. మీరు రాయబోయే సాఫ్ట్‌వేర్‌ని వాడేది మనుషులు. ఆ మనుషుల్లో మీకు బాగా తెలిసినవాళ్లు మీ ఇంట్లో, మీ వీధిలోనే ఉన్నారు. వాళ్ల గురించి ఆలోచించని ప్రోగ్రామర్ ఎవరో ఇచ్చిన పనిని మాత్రమే చేయగలడు. ఆలోచించేవాడికి అసలు ఏ పని చేయాలో కూడా తెలుస్తుంది.

ఇల్లు నేర్పే పాఠం

హైదరాబాద్‌లో పుట్టి, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరారు. అప్పటి ఇంటర్వ్యూలో ఆయన్ని ఒక వింత ప్రశ్న అడిగారు: రోడ్డు మీద ఒక పసిబిడ్డ పడి ఏడుస్తోంది, ఏం చేస్తావు? అత్యవసర నంబరుకు ఫోన్ చేస్తానన్నారాయన. బిడ్డ ఏడుస్తుంటే ముందు ఎత్తుకోవాలి కదా అన్నారు అవతలి వ్యక్తి. ఉద్యోగమైతే వచ్చింది కానీ, ఆ ప్రశ్న అసలు అర్థం తెలిసింది ఇంట్లోనే. 1996లో పుట్టిన ఆయన కుమారుడు జైన్‌కు సెరిబ్రల్ పాల్సీ. మాకే ఎందుకిలా జరిగిందని మొదట్లో మథనపడ్డారు. భార్య అను బిడ్డను థెరపీలకు తిప్పుతుండటం చూశాక, కష్టం వచ్చింది తనకు కాదు, బిడ్డకని గ్రహించడానికి కొన్నేళ్లు పట్టిందని 'హిట్ రిఫ్రెష్' (2017) పుస్తకంలో రాసుకున్నారు.

ఒకసారి కుమారుడు ఐసీయూలో ఉన్నప్పుడు చుట్టూ ఉన్న పరికరాలను గమనించారు. వాటిలో చాలావరకు తమ కంపెనీ విండోస్‌తో నడిచేవే. తాము చేసే పని ఎవరి ప్రాణాల దాకా వెళుతుందో అక్కడ కళ్లారా చూశారు. 2014లో సీఈఓ అయ్యాక, అవతలి మనిషి కష్టాన్ని అర్థం చేసుకోవడం గురించి పదేపదే మాట్లాడటం వెనక ఈ ఇంటి అనుభవం ఉంది. జైన్ 2022లో కన్నుమూశాడు.

మీ ఇంట్లో అంత పెద్ద కథ ఉండాల్సిన పనిలేదు. నానమ్మకు పింఛను పడిందో లేదో తెలుసుకోవాలంటే మీ ఫోనే దిక్కా? ఓటీపీ వచ్చేలోపు ఆమె చేతిలో స్క్రీన్ ఆరిపోతోందా? కిరాణా కొట్టు మామయ్య యాప్ ఇన్‌స్టాల్ చేసుకుని కూడా పాత నోట్‌బుక్‌లోనే ఖాతా ఎందుకు రాస్తున్నాడు? ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, క్లాసులో ఇంగ్లిష్ మాట్లాడే కుర్రాడు జల్‌పల్లిలో వింతేమీ కాదు. కానీ మూడు భాషల్లో ఒకే మాట ఎలా మారుతుందో తెలియడం యాప్‌లు తయారుచేసేవాళ్లకు పెద్ద ఆస్తి.

ఇంటర్వ్యూలో కుటుంబం గురించి జాలి కలిగేలా చెప్పకండి. అలాగని దాచకండి. ఒక పరిశీలన చెప్పండి, దాంతో మీరేం చేశారో చెప్పండి. 'నాన్న ఆటో నడుపుతారు. రోజువారీ డీజిల్ ఖర్చు, కిరాయి రాసుకోవడానికి ఆయనకు పెద్ద అక్షరాలతో ఒక చిన్న ఫారం చేసిచ్చాను. రెండుసార్లు మార్చాక గానీ ఆయన వాడలేదు' అన్నారనుకోండి. ఆ 'రెండుసార్లు మార్చాక' అన్న మాటలోనే మీరు ఎలాంటి ఇంజినీరో తెలిసిపోతుంది. నిజంగా చేసి ఉంటేనే సుమా! తర్వాతి ప్రశ్న 'ఏం మార్చారు?' అనే వస్తుంది.

హాబీ అంటే కాలక్షేపమేనా?

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. మొదలుపెట్టిన వెన్న నాగార్జున ఒక సాఫ్ట్‌వేర్ నిపుణుడు. అప్పట్లో ఒక్కో తెలుగు వెబ్‌సైటుకు ఒక్కో ఫాంటు ఉండేది. ఆ ఫాంటు లేకపోతే అక్షరాల బదులు పిచ్చిగీతలు కనిపించేవి. ఆ అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చేందుకు ఆయన 'పద్మ' అనే ఉపకరణం తయారుచేశారు. దాని ఆధారంగా వీవెన్ రూపొందించిన 'లేఖిని'లో ఇంగ్లిష్ కీబోర్డుతో తెలుగు టైప్ చేయడం ఎంతోమంది నేర్చుకున్నారు. ఇవేవీ ఆఫీసు అప్పగించిన పనులు కావు. భాష మీద ఇష్టం, చేతిలో ఉన్న విద్య కలిస్తే వచ్చినవి. ఇవాళ మీరు ఫోన్లో తెలుగులో వెతికితే వికీపీడియా వ్యాసం వస్తోందంటే, దాని వెనక ఇలాంటి ఖాళీ సమయాలెన్నో ఉన్నాయి.

కోడ్‌తో సంబంధం లేని హాబీ అయినా తక్కువేం కాదు. నాదెళ్లకు క్రికెట్ పిచ్చి. స్కూలు రోజుల్లో ఒక మ్యాచ్‌లో ఆయన బౌలింగ్ బాగా దెబ్బతింటుంటే కెప్టెన్ బంతి తీసుకుని తనే వికెట్ పడగొట్టి, మళ్లీ బంతిని ఆయనకే ఇచ్చాడట. తప్పించేయకుండా ఆ కుర్రాడి నమ్మకాన్ని కాపాడటమే నాయకత్వమని ఆ రోజు తెలిసిందంటారు. 'క్రికెట్ ఆడతాను' అని రాస్తే అది ఒక లైను. ఆటలో ఏం గమనించారో చెబితే అదే సమాధానం.

మరి మీ చుట్టుపక్కల ఏముంది? జల్‌పల్లి పక్కనే బాలాపూర్. వినాయక నిమజ్జనం రోజు అక్కడి లడ్డూ వేలం ఎంత పలికిందా అని అందరూ ఎదురుచూస్తారు. 1994లో 450 రూపాయలతో మొదలైన ఆ వేలం 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలకు చేరింది. అంటే ఆరున్నర వేల రెట్లకు పైమాటే! పాత పేపర్లు తిరగేసి ఏటేటా ధరను ఒక పట్టికలో పెట్టండి. గ్రాఫ్ గీయండి. మొదటి ఏళ్ల ధరలు అసలు కనిపించవు, నేలకు అతుక్కుపోతాయి. లాగరిథమ్ స్కేలు ఎందుకు పుట్టిందో అప్పుడు అర్థమవుతుంది. 2020లో కరోనా వల్ల వేలమే జరగలేదు. ఆ ఏడాది గడిలో సున్నా పెడతారా, ఖాళీగా వదిలేస్తారా? సున్నా పెడితే సగటు తప్పుతుంది. డేటా ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో 'మిస్సింగ్ వాల్యూస్' గురించి అడిగినప్పుడు అందరూ పుస్తకంలో నిర్వచనం చెబుతారు. మీరు లడ్డూ కథ చెప్పండి. గది దాటినా గుర్తుంటారు.

రాజకీయం మాట్లాడొచ్చా?

చాలామంది విద్యార్థులు ఇక్కడ రెండు కొసల్లో ఉంటారు. కొందరు 'మనకెందుకు రాజకీయాలు' అంటారు. కొందరు రాత్రీపగలూ వాట్సాప్ గ్రూపుల్లో నాయకుల తరఫున కొట్లాడతారు. రెండూ నష్టమే.

ప్రోగ్రామర్ జీవితంలో రాజకీయం లేని రోజు ఉండదు. నాదెళ్ల పెళ్లి నాటికి ఆయనకు అమెరికా గ్రీన్‌కార్డు ఉంది. కానీ అప్పటి నిబంధనల ప్రకారం గ్రీన్‌కార్డు ఉన్నవారి జీవిత భాగస్వామి అక్కడికి రావాలంటే ఏళ్ల తరబడి ఆగాలి. హెచ్1బీ వీసా ఉన్నవారికైతే ఆ ఇబ్బంది లేదు. దాంతో 1994లో ఆయన గ్రీన్‌కార్డునే వెనక్కిచ్చేసి హెచ్1బీ తీసుకున్నారు. ఒక దేశం చట్టం ఒక ఇంటి కాపురాన్ని నిర్ణయించిందన్నమాట. అమెరికా వీసాల వార్త వచ్చినప్పుడల్లా హైదరాబాద్‌లో ఎన్ని ఇళ్లలో టీవీ శబ్దం పెరుగుతుందో మీకు తెలియంది కాదు.

అభిప్రాయాలు ఇంట్లోనే వేర్వేరుగా ఉండొచ్చు కూడా. నాదెళ్ల తండ్రి బి.ఎన్.యుగంధర్ ఐఏఎస్ అధికారి, వామపక్ష భావాలున్నవారు. తల్లి సంస్కృతం చదువుకున్నారు. పిల్లవాడి గదిలో తండ్రి కార్ల్ మార్క్స్ పోస్టరు పెడితే, తల్లి లక్ష్మీదేవి బొమ్మ పెట్టారట. అబ్బాయికి కావాల్సింది మాత్రం క్రికెటర్ ఎం.ఎల్.జయసింహ పోస్టరు!

మాటకు ధర కూడా ఉంటుంది. 2020 జనవరిలో పౌరసత్వ సవరణ చట్టం గురించి అడిగితే నాదెళ్ల విచారం వెలిబుచ్చారు. మెచ్చుకున్నవాళ్లున్నారు, మండిపడ్డవాళ్లున్నారు. ఆ వెంటనే వివరణ ప్రకటన కూడా వచ్చింది. అంత పెద్ద పదవిలో ఉన్నవారికే అంత జాగ్రత్త అవసరమైతే, మొదటి ఉద్యోగం కోసం చూస్తున్న మీకు ఇంకెంత కావాలి? అందుకే ఇవి గుర్తుంచుకోండి:

* వ్యక్తి మీద కాదు, విషయం మీద మాట్లాడండి. 'ఫలానా నాయకుడు దొంగ' అనేది తిట్టు. 'మా వార్డులో తాగునీరు ఎన్ని రోజులకోసారి వస్తోందో రెండు నెలలు రాసిపెట్టాను' అనేది సమాచారం.

* ఆధారం లేనిది ఫార్వర్డ్ చేయకండి. ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చిలో కొట్టేసింది. అలాగని ఏది రాసినా అడిగేవారు లేరనుకోవద్దు. పరువునష్టం, విద్వేష వ్యాఖ్యలకు సంబంధించిన చట్టాలు అలాగే ఉన్నాయి.

* ప్రభుత్వ ఉద్యోగం లక్ష్యమైతే ప్రవర్తనా నియమాలు ముందే చదవండి. కేంద్ర ఉద్యోగులు రాజకీయ పార్టీల్లో సభ్యులుగా ఉండకూడదని 1964 నాటి నియమావళి చెబుతోంది. ప్రైవేటు కంపెనీలో చేరితే అక్కడి సోషల్ మీడియా నిబంధనలు సంతకానికి ముందే చూసుకోండి.

* ఇంటర్వ్యూలో 'ఎవరికి ఓటేశారు?' అని ఎవరైనా అడిగితే, 'ఓటు రహస్యం కదండీ, నేను ఓటేశానని మాత్రం చెప్పగలను' అనండి. మర్యాదగానూ ఉంటుంది, నిజంగానూ ఉంటుంది.

ఆ మాట అనాలంటే మీ పేరు ఓటరు జాబితాలో ఉండాలి. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీల్లో దేని నాటికి 18 నిండినా నమోదుకు అర్హులే. ఫారం-6 నింపితే చాలు. సమాచార హక్కు చట్టం (2005) కింద అడిగితే సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మీ వీధి, జల్‌పల్లి చెరువు గట్టు, దగ్గర్లోని బస్టాపు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, లేనివి మీరే చేర్చొచ్చు. చెరువు గురించి వంద పోస్టులు పెట్టడం కంటే దాని హద్దును మ్యాపులో సరిగ్గా గీయడం గట్టి పని. అది రాజకీయమే, అది హాబీయే, అది మీ ప్రాజెక్టూ అవుతుంది.

వారానికి ఒక పేజీ

ఇవన్నీ ఇంటర్వ్యూకి ముందు రోజు రాత్రి పుట్టుకురావు. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఆదివారం అరగంట చాలు. మొదటి వారం ఇంట్లో గమనించిన ఒక ఇబ్బంది రాయండి. రెండోవారం మీకు నచ్చిన పనిలో కొత్తగా తెలిసిన విషయం. మూడోవారం మీ ఊరికి సంబంధించిన ఒక సమస్య, దానిపై రెండు వైపుల వాదనలు. మీకు నచ్చని వాదనను కూడా అవతలివాళ్లు ఒప్పుకునేంత న్యాయంగా రాయాలి, గ్రూప్ డిస్కషన్‌కు ఇంతకంటే మంచి సాధన లేదు. నాలుగోవారం ఆ మూడింటిలో ఒకదాని కోసం ఏదైనా చేయండి. పట్టిక కావచ్చు, యాభై లైన్ల ప్రోగ్రామ్ కావచ్చు.

తెలుగులోనే రాయండి. ఆలోచన ముందు మన భాషలో కుదురుకుంటే ఇంగ్లిష్‌లో చెప్పడం సులువు. ఏఐతో రాయించకండి. మీ నానమ్మ స్క్రీన్ ఆరిపోతే ఏమంటుందో దానికి తెలియదు. ఇంట్లోవాళ్ల ఆరోగ్యం, అప్పులు లాంటివి నోట్‌బుక్‌లోనే ఉండనివ్వండి. బయట చెప్పే ముందు వాళ్లను అడగండి. ఇల్లు మనదే కానీ వాళ్ల కథ వాళ్లది.

ఆరు నెలలకు పాతిక పేజీలవుతాయి. అందులోంచి మూడు విషయాలు తీసి రెజ్యూమెలో 'పాటలు వినడం' ఉన్నచోట పెట్టండి. వాటిపై ఎవరు ఎన్ని ప్రశ్నలడిగినా మీకు జవాబు తెలుసు. ఎందుకంటే అవి బట్టీ పట్టినవి కావు, మీవి.