ఆసుపత్రి నుండి ఇల్లు చేరిన తరువాత



మా దొనకొండ ప్రాంతములో ఎవరైనా ప్రాణాపాయము తప్పి గుంటూరు ఆసుపత్రి నుండి ఇల్లు చేరితే వెంటనే కృతజ్ఞతా కూడిక పెట్టిస్తారు. మేము వాక్యము చెబుతాము. అందరమూ భోజనము చేసి లేస్తాము. ఆ తరువాత ఆ ఇంటి సంగతి అడిగేవారు తక్కువ.

కొంతకాలము క్రిందట ఒక రైతు సహోదరుడు న్యుమోనియాతో పన్నెండు రోజులు ఐ.సి.యు.లో, శ్వాస యంత్రము మీద ఉండి బ్రతికి వచ్చాడు. నెల తిరిగినా నీళ్ల చెంబు ఎత్తితే చేయి వణికేది. రాత్రులు లేచి, "నన్ను కట్టేశారు, గోడ మీద పాములు!" అని కేకలు వేసేవాడు. దయ్యము పట్టిందన్నారు ఇంటివారు. మేమూ అదే నమ్మి, తలమీద చేతులుంచి గద్దించి ప్రార్థించాము. అతడు మా ముఖము చూచి, "అయ్యగారూ, నాలో నిజంగా దయ్యముందా?" అని ఏడ్చాడు. ఆ మాట మమ్మును చాలా రోజులు నిద్రపోనియ్యలేదు.

ఒక వైద్యుని అడిగితే తెలిసింది, ఇది దయ్యము కాదు. దీనికి 2012లో వైద్యులు 'పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్' అని పేరు కూడా పెట్టారు. అమెరికాలోని నాష్‌విల్ నగరములో 821 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనములో, నూటికి 74 మందికి ఆసుపత్రిలోనే మతిభ్రమ కలిగినట్లు తేలింది. తీవ్రమైన జబ్బు, మత్తుమందులు, నిద్రలేమి, రాత్రీ పగలూ తెలియని దీపాల వెలుగు, ఇవన్నీ దానికి కారణాలే. రోగి గొట్టము లాగివేయకుండా చేతులు కట్టడమూ ఉన్నదట. మన సహోదరుడు చెప్పినది అబద్ధము కాదన్నమాట! మూడు నెలల తరువాత పరీక్షించిన వారిలో నూటికి 40 మందికి జ్ఞాపకము, ఆలోచన బాగా తగ్గే ఉన్నాయి.

నీరసము కూడా సోమరితనము కాదు. ఐ.సి.యు.లో పది రోజులకే తొడ కండరము సగటున సుమారు 18 శాతము తరిగిపోయినట్లు లండను వైద్యులు 2013లోనే కొలిచి చూపారు. అది తిరిగి రావడానికి నెలలు పడుతుంది. రోజూ నాలుగడుగులు ఎక్కువ నడిపించాలి. భయము, దిగులు తగ్గకపోతే సిగ్గుపడక మానసిక వైద్యునికి చూపించాలి. మరి అతని భార్య? పగలు కూలికి పోయి రాత్రి మేలుకొని కాపలా కాసే ఆమెకూ దిగులు జబ్బు రావచ్చునని వైద్యులు అంటున్నారు. ఆమెను మాత్రము ఎవరమూ అడుగలేదు.

కొన్ని దేశాలలో నర్సులు, బంధువులు ఐ.సి.యు. రోగికి ఏ రోజు ఏమి జరిగిందో డైరీ వ్రాసి ఉంచుతారు. ఈ సంగతి చెప్పగా, హైస్కూలు చదివే అతని కుమార్తె తల్లిని అడిగి, ఆసుపత్రి కాగితాలు చూచి, పన్నెండు రోజులూ నోటుపుస్తకములో వ్రాసింది. "ఐదవ రోజు: నాన్న గొట్టం లాగబోతే చేతులు కట్టారు. అమ్మ తలుపు బయటే కూర్చుంది." అతడు ఆ పేజీ మరల మరల చదివించుకున్నాడు.

మేము వెళ్లి క్షమించమని అడిగాము. ఇప్పుడతడు కర్ర లేకుండా స్టేషను దాకా నడుస్తున్నాడు. చేను మాత్రము ఈ యేడు కౌలుకిచ్చాడు.