విరమణ ఉద్యోగానికే

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగి 62 ఏళ్లకు రిటైరవుతున్నాడు, తెలంగాణలో 61కి. శాలువా కప్పి, దండ వేసి, ఇంటిదాకా దిగబెట్టి వస్తారు. మర్నాటి నుంచి పెన్షన్ ఎంత, గ్రాట్యుటీ ఎంత అని అందరూ అడుగుతారు. ఆగిపోయింది జీతం ఒక్కటే కాదన్న సంగతి ఎవరికీ తట్టదు. బస్టాపు దాకా నడక, ఆఫీసు మెట్లు, సీట్లోంచి లేవడం, కూర్చోవడం, పదిమందితో మాట, వేళకు నిద్ర లేవడం, ఇవన్నీ అదే రోజుతో ఆగిపోతాయి.

బడిలో సైన్సు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని నేను. ఒంట్లో ఎలా ఉంది, ఏమైనా రాస్తున్నారా, ఇల్లు ఎలా సర్దుకున్నారు అని పాత మిత్రులు అడుగుతుంటారు. ఈ మూడు ప్రశ్నలకూ మూలం ఒకటే. ఒళ్లయినా మెదడైనా రోజూ పని చెబితేనే గట్టిగా నిలుస్తుంది. ఇన్నాళ్లూ ఆ పని చెప్పింది ఉద్యోగం. ఇకమీదట ఇల్లు చెప్పాలి.

మూడు వారాల మంచం

1966లో అమెరికాలోని డాలస్‌లో ఐదుగురు ఆరోగ్యవంతులైన ఇరవై ఏళ్ల కుర్రాళ్లను పరిశోధకులు మూడు వారాలు మంచం మీదే ఉంచారు. నిమిషానికి శరీరం గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో ముందూ తర్వాతా కొలిచారు. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు కలిసి ఎంత శ్రమకు తట్టుకుంటాయో చెప్పే కొలత అది. మూడు వారాల్లో అది నాలుగో వంతుకు పైగా పడిపోయింది.

ఆ ఐదుగురినే ముప్పై ఏళ్ల తర్వాత, 1996లో మళ్లీ పిలిచి కొలిచారు. అప్పటికి వాళ్లకు యాభై వచ్చాయి, బరువు పెరిగారు. అయినా ముప్పై ఏళ్లలో వయసు చేసిన నష్టం కంటే ఆనాటి మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది. ఆ తర్వాత ఆరు నెలల పాటు నడక, జాగింగ్, సైకిల్ వంటివి మెల్లగా పెంచుకుంటూ పోయేసరికి ఆ కొలత సగటున 1966 నాటి స్థాయికి తిరిగి వచ్చింది.

ఐదుగురితో చేసిన పరిశోధన చిన్నదే. కానీ అది చెప్పిన విషయం పెద్దది. వయసైపోయిందిలే అని మనం సరిపెట్టుకునే నష్టంలో కొంత మాత్రమే వయసుది, మిగతాది కదలకపోవడం వల్ల వచ్చినది. ఆ రెండోదాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు. అరవై దాటాక జ్వరంతోనో ఆపరేషన్‌తోనో మంచాన పడ్డవాళ్లు, డాక్టరు లేచి నడవమన్న రోజే లేచి నడవాలి. రెండు రోజులు ఆగుదామని వాయిదా వేస్తే ఆ రెండు రోజులూ కాళ్ల బలంలోంచే పోతాయి.

కుర్చీలోంచి లేచేటప్పుడు

వయసుతో కండ తగ్గడాన్ని వైద్యులు సార్కోపీనియా అంటారు. 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ ఈ పేరు పెట్టారు. కండరంలో రెండు రకాల పోగులుంటాయి. ఒక రకం నిదానంగా పనిచేస్తూ చాలాసేపు అలసిపోవు. నిలబడడానికి, నడవడానికి అవి చాలు. రెండో రకం చప్పున బలంగా ముడుచుకుని, త్వరగా అలసిపోతాయి. కుర్చీలోంచి లేవడానికి, మెట్టెక్కడానికి, కాలు జారినప్పుడు రెండో కాలు ముందుకు వేసి పడకుండా ఆపుకోవడానికి ఇవి కావాలి. వయసు పైబడేకొద్దీ ముందుగా సన్నబడేది ఈ రెండో రకమే. వెన్నుపాము నుంచి వీటికి ఆజ్ఞలు తెచ్చే నాడీకణాలు కొన్ని చనిపోతాయి. దిక్కులేని పోగుల్లో కొన్నింటిని పక్కనున్న నిదానపు నాడులు దగ్గరికి తీసుకుంటాయి, మిగిలినవి ఎండిపోతాయి. అందుకే కండ పరిమాణం కంటే బలం ముందుగా, ఎక్కువగా తగ్గుతుంది. చొక్కా కొలత మారకపోయినా నేల మీంచి లేవడం కష్టమవుతుంది.

కండరం కదలడానికి కావలసిన శక్తి ఏటీపీ అనే అణువు నుంచి వస్తుంది. కండరంలో సిద్ధంగా ఉండే ఏటీపీ రెండు మూడు సెకన్లకు మించి చాలదు. అది అయిపోతున్నప్పుడు వెంటనే తిరిగి తయారుచేసేది ఫాస్ఫోక్రియాటిన్. బ్యాంకుకు వెళ్లే వ్యవధి లేనప్పుడు జేబులోని చిల్లర ఆదుకున్నట్టు, ఆహారంలోంచి శక్తి తీసే నిదానమైన ప్రక్రియ అందుకునేలోగా అది అక్కరకొస్తుంది. ఈ పదార్థాన్ని 1927లో కనుక్కున్నవాళ్లలో ఒకరు మనవాడు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేస్తూ ఆయన దీన్ని కనుక్కున్నారు.

మన కాళ్ల సంగతి తెలుసుకోవడానికి యంత్రం అక్కర్లేదు. చేతుల్లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి కూర్చోండి. రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని, పూర్తిగా లేచి నిలబడి మళ్లీ కూర్చోండి. ఆగకుండా ఐదుసార్లు లేవడానికి 12 సెకన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే కాళ్ల పనితనం తగ్గినట్టేనని ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో చెప్పింది. మోకాళ్ల నొప్పి, గుండె జబ్బు, తల తిరగడం ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే ఈ పరీక్ష చేసుకోవాలి. పక్కన ఒక మనిషి ఉండడం ఎప్పుడూ మంచిది.

పరీక్షలో వెనకబడితే దిగులుపడక్కర్లేదు. 1990లో మరియా ఫియాటరోన్ బృందం బోస్టన్‌లోని ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో సగటున తొంభై ఏళ్లున్నవాళ్ల చేత ఎనిమిది వారాలు తొడలతో బరువులు ఎత్తించింది. కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభైలో పెరిగే బలం అరవై రెండులో పెరగదా?

అరవై ఐదు దాటినవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని, అందులో మూడు రోజులైనా బలానికి, నిలకడకు సంబంధించినవి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. మనలో చాలామంది పొద్దున్నే పార్కులో నాలుగు చుట్లు నడిచి వ్యాయామం అయిపోయిందనుకుంటారు. నడక గుండెకు మేలే. కానీ చప్పున ముడుచుకునే ఆ రెండో రకం పోగులకు అది చాలదు. వాటికి బరువు కావాలి, మెట్లు కావాలి, కూర్చుని లేవడం కావాలి.

పళ్లెంలో ఏముంది

కండకు పనితో పాటు ప్రొటీన్ కూడా అందాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వయోజనులకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ సిఫారసు చేసింది. అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. వయసు మళ్లాక అంతే ప్రొటీన్ తిన్నా కండ తయారీ మందగిస్తుంది కాబట్టి వృద్ధులకు కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలని పలువురు నిపుణులు అంటున్నారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఈ లెక్క వర్తించదు, వాళ్లు డాక్టరు చెప్పినట్టే తినాలి.

మన ఇళ్లలో రిటైరైన మనిషి ఏం తింటాడు? పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నంలో చారు, రాత్రికి తేలిగ్గా ఉండాలని మజ్జిగన్నం. పొట్ట నిండుతుంది, ప్రొటీన్ సగం కూడా అందదు. గుడ్డుకు ఆరు గ్రాములు, వంద మిల్లీలీటర్ల పాలకు మూడు గ్రాములు, వంద గ్రాముల పచ్చి కందిపప్పుకు 20 గ్రాముల పైచిలుకు వస్తాయి. కాబట్టి పెసరట్టు, ముద్దపప్పు, ఉడికించిన శనగలు, గట్టి పెరుగు, గుడ్డో చేపో మూడు పూటలకూ పంచుకుంటే లెక్క సరిపోతుంది. రాత్రి పూట పల్చటి మజ్జిగకు బదులు గట్టి పెరుగు వేసుకోవడం పెద్ద కష్టమేమీ కాదు.

రాత్రి రెండు గంటలకు

మంచం మీంచి లేచి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకి, పొట్ట కిందికి జారుతుంది. మెడలోనూ గుండె దగ్గరా ఉన్న ధమనుల గోడల్లో ఒత్తిడిని పసిగట్టే నాడులున్నాయి. అవి మెదడుకు కబురు పెడతాయి, గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. యవ్వనంలో ఇదంతా మనకు తెలియకుండానే జరిగిపోతుంది. వయసుతో ఈ స్పందన మందగిస్తుంది. నిలబడ్డ మూడు నిమిషాల్లో పై బీపీ 20 పాయింట్లు గానీ కింది బీపీ 10 పాయింట్లు గానీ పడిపోతే జబ్బుగానే లెక్క. బీపీ మాత్రలు, ప్రొస్టేట్‌కు ఇచ్చే కొన్ని మాత్రలు దీన్ని పెంచగలవు. లేచినప్పుడు కళ్లు బైర్లు కమ్మితే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి, మాత్రలు సొంతంగా మానకూడదు.

దీనికి చూపు తోడవుతుంది. వయసుతో కంటిపాప చిన్నదవుతుంది, కంటి కటకం పసుపు రంగుకు తిరుగుతుంది. ఇరవై ఏళ్లవాడి కంటి తెరకు చేరే వెలుతురులో దాదాపు మూడో వంతే అరవై ఏళ్లవాడికి చేరుతుంది. రాత్రి రెండు గంటలకు బాత్రూంకు లేచిన మనిషికి తల తూలుతుంటుంది, గడప కనిపించదు, లుంగీ అంచు కాలికి అడ్డుపడుతుంది, నేల తడిగా ఉంటుంది. నాలుగూ ఒకేసారి కలిస్తే తుంటి ఎముక విరుగుతుంది.

మా ఇంట్లో చేసిన మార్పులు చెబుతాను. మంచం నుంచి బాత్రూం దాకా మోకాలి ఎత్తున చిన్న దీపాలు పెట్టించాం. గడప అంచుకు తెల్లరంగు వేశాం. కమోడ్ పక్కన గోడకు స్టీలు కడ్డీ బిగించాం. జారే డోర్‌మ్యాట్లు తీసేశాం. లేచేముందు మంచం అంచున కాసేపు కూర్చుని, పాదాలు నాలుగైదుసార్లు ఆడించి, అప్పుడు నిలబడతాను. పిక్కలు కదిలితే రక్తం పైకి వస్తుంది.

తీసేయనివి కూడా ఉన్నాయి. మేడ మెట్లు అలాగే ఉన్నాయి, రైలింగు మాత్రం గట్టి చేయించాం. పూజ దగ్గర నేల మీదే కూర్చుంటున్నాను. జారిపడేసేవి ఇంట్లోంచి పోవాలి, కండకు పని చెప్పేవి ఉండాలి. రిటైరయ్యాక ఇల్లు సర్దుకోవడమంటే నాకు తెలిసినంతలో ఇదే.

నోటు పుస్తకం

లండన్‌లోని ప్రభుత్వోద్యోగులను 1985 నుంచి గమనిస్తూ వస్తున్న వైట్‌హాల్ అధ్యయనం 2018లో ఒక సంగతి బయటపెట్టింది. రిటైరవక ముందుతో పోలిస్తే రిటైరయ్యాక మాటలను గుర్తుపెట్టుకునే శక్తి మరింత వేగంగా తగ్గింది. తర్కం వంటి మిగతా సామర్థ్యాల్లో ఆ తేడా కనిపించలేదు. ఆఫీసులో రోజూ పేర్లు, ఫైళ్లు, మాటలు గుర్తు తెచ్చుకోవాలి. ఇంట్లో ఆ అవసరం లేదు. వాడకం తగ్గిన చోటే నష్టం కనబడిందన్నమాట.

రాయడం ఆ వాడకాన్ని తిరిగి తెస్తుంది. నిన్న జరిగినదాన్ని వరసలో గుర్తు తెచ్చుకోవాలి, సరైన మాట వెతుక్కోవాలి, వాక్యం ముగిసేదాకా మొదలు మర్చిపోకూడదు. రాస్తే మతిమరుపు జబ్బు రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అయితే మనసులో బరువున్న విషయాలను రాసుకుంటే ఒంటికి మేలు జరగవచ్చని జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన పరిశోధన సూచించింది. రోజుకు 15 నిమిషాల చొప్పున నాలుగు రోజులు అలా రాసిన విద్యార్థులు తర్వాతి నెలల్లో ఆసుపత్రి గడప తక్కువసార్లు తొక్కారు. తర్వాతి అధ్యయనాల్లో ఆ ఫలితం కొన్నిచోట్ల కనిపించింది, కొన్నిచోట్ల కనిపించలేదు.

నా నోటు పుస్తకంలో పేజీ మధ్య గీత ఉంటుంది. ఎడమ పక్క బీపీ. పొద్దున మాత్ర వేసుకోకముందు, వీపు ఆనించి, పాదాలు నేలకు తగిలేలా ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, చెయ్యి గుండె ఎత్తున బల్లమీద పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూస్తాను. ఇంట్లో కొలిచినప్పుడు సగటు 135/85 దాటుతుంటే ఎక్కువని లెక్క. ఆసుపత్రిలో కంగారుగా కూర్చున్నప్పుడు వచ్చిన ఒక్క అంకె కంటే వారం రోజుల ఈ వరుసే డాక్టరుకు ఎక్కువ పనికొస్తుంది. కుడి పక్క నిన్నటి సంగతులు, ఎవరితో మాట్లాడాను, ఏం చదివాను, తోటలో ఏం కాసింది. ఎడమ పక్క అంకె పెరిగిన రోజు కుడి పక్క చూస్తే, ఆవకాయ జోరో, నిద్ర లేని రాత్రో, మనసు కష్టపెట్టిన మాటో చాలాసార్లు దొరుకుతుంది.

పిల్లలకు ఒక మాట

ఊళ్లో ఉన్నా, హైదరాబాద్‌లో ఉన్నా, అమెరికాలో ఉన్నా పిల్లలు ఫోన్లో అనే మాట ఒకటే. నాన్నా, ఇన్నాళ్లు కష్టపడ్డావు, ఇక కూర్చో. అమ్మా, నువ్వేం చేయకు, పనిమనిషిని పెట్టిస్తాను. అందులో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. కానీ డాలస్ కుర్రాళ్లను మూడు వారాలు మంచం మీద ఉంచితే ఏమైందో చూశాం. అమ్మానాన్నల చేతిలోంచి కూరల సంచి లాగేసుకోకండి, సంచిని రెండుగా చేసి చెరొకటి మోయండి. వచ్చినప్పుడు బాత్రూంలో కడ్డీ బిగించి వెళ్లండి. రాత్రి ఏం తిన్నావని అడిగినప్పుడు పప్పో గుడ్డో ఉందో లేదో కూడా అడగండి. వారానికోసారి వీడియో కాల్‌లో ఐదుసార్లు కుర్చీలోంచి లేపించి, సెకన్లు మీరు లెక్కపెట్టండి. వాళ్ల కాళ్లు వాళ్లను ఇంకో ఇరవై ఏళ్లు మోయాలంటే, మీరు చేయగలిగిన సేవల్లో వాళ్లకు పని మిగల్చడమే ముఖ్యమైనది.