వట్టివేరు పరిమళాల సబ్బు

మా కోనసీమ ఇంట్లో కొబ్బరినూనెకు కొదవ లేదు. అందుకే ఏటా ఎండలు ముదరకముందే వట్టివేరు సబ్బులు నేనే చేసుకుంటాను.

కొలత తప్పకూడదు. కొబ్బరినూనె 500 గ్రాములు, కాస్టిక్ సోడా 73 గ్రాములు, నీళ్లు 180 గ్రాములు. అన్నీ డిజిటల్ కాటా మీదే తూస్తాను. ఈ లెక్కన ఐదోవంతు నూనె సబ్బుగా మారకుండా మిగులుతుంది. కొబ్బరి సబ్బు చర్మాన్ని మరీ పొడిబార్చకుండా కాపాడేది అదే.

చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని, కిటికీలు తెరిచి, స్టీలు గిన్నెలోని చన్నీళ్లలో సోడాను కొద్దికొద్దిగా వేస్తాను. సోడా మీద నీళ్లు పోస్తే మరిగి చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నె అసలు వాడకూడదు, సోడా దాన్ని తినేస్తుంది.

సోడా కరిగి వేడెక్కిన ఆ నీళ్లు గోరువెచ్చగా చల్లారాక, గోరువెచ్చని నూనెలో పోసి దోసెల పిండిలా చిక్కబడేదాకా కలుపుతాను. సోడా, నూనె కలిసి సబ్బు, గ్లిజరిన్ అవుతాయి. పరిమళం చివర్లోనే కలపాలి. 15 గ్రాముల వట్టివేరు తైలం చాలు.

అచ్చులో పోసిన కొబ్బరి సబ్బు తొందరగా బిగుస్తుంది. అదే రోజు ముక్కలు కోసి, నీడపట్టున 4 నుంచి 6 వారాలు ఆరనివ్వండి. పిల్లలున్న ఇంట్లో సోడా డబ్బాను తాళం వేసిన అలమరలోనే ఉంచండి.